ముద్ర వేసిన తెల్లకాగితాలు

బిష్కెక్,
సెప్టెంబరు 4

వదినకు,

డ్రైవరు ఝుమాష్ మినీబస్సు ఇంకో గంటలో మన కొండలవైపు బయల్దేరుతుందంటే, ఆఫీసుకు ఆలస్యమైనా సరే అని ఇది రాస్తున్నాను. పొట్లంలో టీ, అన్నయ్య మోకాళ్ళకు మందు, మీ బడికి రంగు సుద్దముక్కలు ఉన్నాయి. సుద్దముక్కలు పంపడం ఇదే ఆఖరుసారి కావచ్చు. ఎందుకో చెబుతాను.

దేశంలోని సర్కారు బళ్ళన్నిటినీ ఐదేళ్ళలో డిజిటల్ చదువుకు మార్చాలట. ఆ ప్రణాళిక వేసే పని నాకు అప్పగించారు. రొట్టె తుంచి భిన్నాలు నేర్పిన నీ చేతిచలవే ఇదంతా. ఒకరోజు నాకిచ్చిన పావుభాగం తినేసి, లెక్క సరిపోయిందని దబాయిస్తే చెవి మెలేశావు, గుర్తుందా?

మొదటి విడతలో రెండు వందల బళ్ళు. వాటికి గోడంత తెర, పిల్లకొక టాబ్లెట్, పట్నంలోని మంచి పంతుళ్ళ పాఠాలు. ఏ బళ్ళన్నది తేల్చేది మేం పంపిన పత్రం. అందులో పద్నాలుగో గడి చూడు. 'పిల్లలకు అందుబాటులో ఇంటర్నెట్: ఉంది / లేదు.' లేదన్నవాళ్ళు మూడో విడతలోకి పోతారు. ఇప్పుడు నీ దగ్గర ఏడో తరగతి చదివేవాళ్ళు అప్పటికి బడి దాటిపోతారు.

మన జిల్లా నుంచి ఒక్క బడీ 'ఉంది' అనలేదు. నిన్న సమావేశంలో మా పెద్దాయన అందరి ముందూ అడిగాడు: "ఏమ్మా, ఊరందరికీ దీపాలు పెట్టి, మీ సొంత ఊరు చీకట్లో వదిలేస్తావా?" నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏం రాయమని నేను చెప్పడం లేదు. నీకు తెలియనిదేముంది.

నీ జడపిల్ల


ఉజున్-బులాక్,
సెప్టెంబరు 17

జడపిల్లకు ఆశీస్సులు.

జుట్టు కత్తిరించుకున్నావట, ఝుమాష్ చెప్పాడు. కత్తిరించుకుంటే కత్తిరించుకున్నావు, నేను మాత్రం పేరు మార్చను. నేను మీ ఇంట కాలు పెట్టిన రోజున నీకు తొమ్మిదేళ్ళు, తలనిండా సన్నటి జడలు. అత్తింటివాళ్ళ పేర్లు కోడలు నోట పలకకూడదు, చేత రాయకూడదు. తనకన్నా చిన్నవాళ్ళవైనా అంతే. ఈ కాలపు కోడళ్ళు నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా నిన్ను పేరుపెట్టి పిలవలేదు. ఇప్పుడు పెద్ద అధికారివి అయ్యావని మొదలుపెడతానా?

నీ పత్రంలో అధికారి పేరు రాయాల్సిన చోట కూడా కలం పక్కన పెట్టేశాను. తొమ్మిదో తరగతి అక్‌సామాయ్‌ని పిలిచి రాయించాను. గొర్రెలకాపరి తోలోన్ కూతురు. తల్లి లేని పిల్ల, లెక్కల్లో చురుకు, చేతిరాత ముత్యాలే. నీ పేరు అంత అందంగా ఎవరూ రాసి ఉండరు.

ఇక పద్నాలుగో గడి. దాని ముందు రెండు రోజులు కూర్చున్నాను. ఊళ్ళో సిగ్నల్ లేదని నీకూ తెలుసు. కరా-దొబో గుట్ట మీదికి ముప్పావుగంట ఎక్కితే, పాత గొర్రెల దొడ్డి దగ్గర వస్తుంది. రష్యాకు పనికి పోయినవాళ్ళతో మాట్లాడాలంటే ఊరంతా అక్కడికే ఎక్కుతుంది. పిల్లలూ ఎక్కుతారు. కాబట్టి అందుబాటులో ఉన్నట్టేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అది కాదు. గడపలోకి వచ్చిన మనిషికి ఇంట్లో రొట్టె లేదని చెప్పిన నోరు కాదు నాది. పైగా అడిగింది మన పిల్ల. 'ఉంది' అని గీత పెట్టాను. మీ అన్నయ్య చూసి, "రొట్టె లేకపోతే పక్కింట్లో అడిగి తెస్తావు. ఇంటర్నెట్ ఎవరింట్లో అడుగుతావే?" అన్నాడు. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక.

ఇంకోటి. నవంబరు దాటితే మంచుకు కనుమ మూసుకుపోతుంది. పై ఆఫీసులకు ఎప్పుడు ఏ కాగితం కావాలో ఎవరికీ తెలియదు. అందుకని మూడు తెల్లకాగితాల మీద అడుగున సంతకం చేసి, బడి గుండ్రముద్ర వేసి పంపుతున్నాను. కొండమీది బళ్ళవాళ్ళం ప్రతి శీతాకాలం ముందూ ఇలాగే చేస్తాం. ఏటా జిల్లా గుమస్తా దగ్గర ఉంచేదాన్ని. ఈసారి నీ దగ్గరైతే నాకు నిశ్చింత. రశీదో, జాబితానో కావాల్సివస్తే పైన రాయించుకో.

ఎండబెట్టిన పెరుగు ఉండలు ఈసారి కాస్త ఉప్పగా కుదిరాయి. నీకు అలాగే ఇష్టం కదా.

బురుల్ వదిన


బిష్కెక్,
అక్టోబరు 19

వదినకు,

మన బడి పేరు జాబితాలో పదకొండోది! పెద్దాయన నా భుజం తట్టి, స్వయంగా వస్తానన్నాడు. నవంబరు మొదటివారంలో లారీ వస్తుంది, వెనకే అతిథులు. సామాను అందినట్టు రశీదు వెంటనే కావాలంటే నువ్వు పంపిన కాగితాల్లో ఒకటి వాడాను. ఎంత ముందుచూపు నీది!

హడావిడి వద్దు. అయినా గొర్రెను కోయకుండా పంపవని నాకు తెలుసు. ఆ రోజు పాఠాన్ని ముందే తెరలో ఎక్కించి పంపుతాం. ఎవరూ గుట్ట ఎక్కే పని లేదు, ఎవరూ గుట్ట మాట ఎత్తే పనీ లేదు. అక్‌సామాయ్‌ని ముందు వరసలో కూర్చోబెట్టు.

చెప్పడం మరిచాను. మొదటి విడత బళ్ళు జనవరి లోపల అచ్చు పుస్తకాలు జిల్లా గిడ్డంగికి తిప్పి పంపాలి. మీ లెక్కల మాస్టారు అసనాలీ పదవీ విరమణ చేస్తున్నారు కదా, ఆ పోస్టు ఇక నింపరు. పట్నం టీచరే తెరమీద అందరికీ చెబుతుంది. ఆవిడ పాఠం నేను విన్నాను, చాలా బాగా చెబుతుంది.

నీ జడపిల్ల


ఉజున్-బులాక్,
నవంబరు 26

జడపిల్లకు,

నీ అతిథులకు ఏ లోటూ రానివ్వలేదు. పెద్దాయనకు తెల్ల టోపీ పెట్టాం, కోటు కప్పాం, పెద్ద అతిథికి దక్కే గొర్రె తల ఆయన ముందే పెట్టాం. తెర వెలిగింది, పట్నం టీచరు మాట్లాడింది, ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళతో వచ్చిన నువ్వు నా వైపు ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. పని ఒత్తిడి అనుకున్నాను.

ఎలా ఉందమ్మా అని పెద్దాయన అక్‌సామాయ్‌ని అడిగితే అది లేచి, "బాగుందండీ. ఈ టీచర్ని మనం ప్రశ్న అడిగితే ఆవిడకి వినపడుద్దా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

మీ కార్లు వెళ్ళిపోయాక తెరలో ఆ ఒక్క పాఠమే మిగిలింది. అసనాలీ మాస్టారు వెళ్ళిపోయారు. మిగతా పాఠాలు ఎక్కడివి? పెద్ద తరగతి పిల్లలు వంతులు వేసుకుని శనివారాలు గుట్ట ఎక్కి, వారానికి సరిపడా పాఠాలు టాబ్లెట్లలోకి దించుకొస్తున్నారు. ఎక్కువసార్లు అక్‌సామాయే వెళుతోంది. తండ్రి గుర్రం ఉంది, పైగా ఏ పాఠం ఎక్కడ ఉందో వెతకడం దానికొక్కదానికే వచ్చు. ఇప్పుడైతే ఎండ ఉంది. జనవరిలో ఆ గుట్ట మీద గాలి ఎలా కొడుతుందో నువ్వు మరిచిపోయి ఉండవు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నేనే. కడుక్కోనివ్వు. ఆ గడిలో 'లేదు' అని దిద్దించు. తెర తీసుకెళ్ళినా సరే, పుస్తకాలూ మాస్టారూ ఉంటే చాలు. లెక్కల పుస్తకాలు ఒక కట్ట మాత్రం బొగ్గుల కొట్టులో దాచాను. ఎలుకలు కొట్టేశాయని రాసుకోండి.

బురుల్


బిష్కెక్,
డిసెంబరు 2

వదినకు,

కనుమ మూసేలోపు ఇదే ఆఖరి బస్సట.

ఇప్పుడు దిద్దడం కుదరదు. లెక్కలన్నీ పైకి వెళ్ళిపోయాయి. 'ఉంది' అన్న బడి ఒకటి 'లేదు' అంటే మిగతా నూటతొంభైతొమ్మిదీ తిరిగి చూస్తారు. చూస్తే ఏమవుతుందో చెప్పనా? సగానికి పైగా బళ్ళవాళ్ళు నీలాగే రాశారు. ఒక్కొక్కళ్ళకు ఒక్కో కరా-దొబో ఉంది. నాకు మొదటినుంచీ తెలుసు. టవర్లు వస్తాయి వదినా, డబ్బు మంజూరైంది, వసంతంలో పని మొదలవుతుంది. ముందు తెరలు పోతే టవర్లు వెనకే వస్తాయి. ముందే 'లేదు' అని కూర్చుంటే ఏదీ రాదు. ఇక్కడ పనులు జరిగే తీరే అంత.

వసంతం దాకా ఓపిక పట్టు. పిల్లలకు ఉన్ని చేతితొడుగులు నలభై జతలు పంపుతున్నాను. మంచి ఒంటె ఉన్ని.

నీ జడపిల్ల


ఉజున్-బులాక్,
జనవరి 28

జడపిల్లా,

మంచు తవ్వే ట్రాక్టరు మీద ఆసుపత్రికి పోతున్నవాళ్ళ చేతికి ఇది ఇస్తున్నాను.

అర్ధసంవత్సర పరీక్ష జవాబులు శనివారం సాయంత్రం ఐదులోపు పంపాలని మీ ఉత్తర్వు. లేకపోతే తరగతి మొత్తానికి గైరుహాజరు. పొద్దున ఆకాశం తేటగానే ఉంది. అక్‌సామాయ్ పన్నెండు టాబ్లెట్లు జీనుసంచిలో వేసుకుని గుర్రం మీద పోయింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. గుట్ట కనిపించకుండా పోయింది. తోలోన్, మీ అన్నయ్య, ఇంకో నలుగురు నడుములకు తాడు కట్టుకుని ఎక్కారు. పిల్ల దొడ్డిగోడ చాటున కూర్చుని ఉందట, టాబ్లెట్లు కోటు లోపల దాచుకుని. పదకొండు పంపింది. మిగిలింది తనది.

నువ్వు పంపిన చేతితొడుగులు దాని జేబులోనే ఉన్నాయి. ఉన్ని తొడుక్కుని తాకితే ఆ తెర కదలదట. నీకు తెలుసా ఆ సంగతి? నాకు తెలియదు. పదకొండు మంది జవాబులు, ఒక్కొక్కటీ ఉత్త వేలితో నొక్కుతూ, రెండు గంటలకు పైగా ఆ గాలిలో ఉంది.

కుడిచేతి నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

నాకు ఏడుపు కూడా రావడం లేదు. బళ్ళోకి పోయి ఆ గోడంత తెర ముందు నిలబడితే అందులో నేనే కనిపిస్తున్నాను. 'ఉంది' అని రాసింది ఈ చెయ్యి. మొదటి తప్పు నాది, ఎవరడిగినా చెబుతాను. విచారణ సంఘం వేస్తారట కదా. వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పు. మిగతా గుట్టల మీదికి పిల్లలు ఎక్కడం ఆగుతుంది.

బురుల్


బిష్కెక్,
ఫిబ్రవరి 11

గౌరవనీయులైన వదినగారికి,

వార్త విన్నప్పటినుంచి నాకు తిండి సహించడం లేదు. అమ్మాయి వైద్యానికి కావలసిన ఏర్పాట్లు చేయించాను.

విచారణ సంఘం కనుమ దాటి రాలేదు. ప్రధానోపాధ్యాయురాలిగా మీ వాంగ్మూలం ఒక్కటే వాళ్ళకు ఆధారం. ఒకసారి నిదానంగా ఆలోచించండి. అమ్మాయి పాఠం కోసం వెళ్ళిందని రాస్తే ప్రణాళిక మొత్తం ఆగిపోతుంది. టవర్ల డబ్బు వెనక్కి పోతుంది. అప్పుడు ఆ వేళ్ళు పోయినందుకు కూడా ఫలితం ఉండదు. అదే తప్పిపోయిన గొర్రెను వెతకడానికి వెళ్ళిందని ఉంటే, అది ఇంటి విషయం అవుతుంది. తోలోన్‌కు ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారు, అంతే. అతనికి పోయేదేముంది?

మిమ్మల్ని అడగకుండా నేనేమీ చేయను. ఇది తెచ్చే ట్రాక్టరువాళ్ళ చేతికే మీ జవాబు ఇవ్వండి, చూస్తుంటాను.

మీ మరదలు


ఉజున్-బులాక్,
ఫిబ్రవరి 26

జడపిల్లా,

నన్ను ఎప్పటినుంచి 'మీరు' అంటున్నావు?

తోలోన్ గొర్రెలు ఆ రోజంతా దొడ్లోనే ఉన్నాయి. ఊరందరికీ తెలుసు. కూతురి చెయ్యి పోయినవాడి నెత్తిన, దాన్ని పోగొట్టింది అతనే అన్న నింద కూడా వేయమంటావా? నేను రాయను. నువ్వు చిన్నప్పుడు పావురొట్టె తినేసి లెక్క సరిపోయిందన్నావు చూడు, అప్పుడు ముద్దుగా ఉంది.

నిజం రాసి వేరే కవరులో సంఘానికే పంపాను. అదీ ఈ ట్రాక్టరు మీదే పోతుంది, ఎప్పుడు దాటితే అప్పుడు చేరుతుంది.

బురుల్


బిష్కెక్,
మార్చి 20

వదినకు,

రేపు నూరూజ్. మీ అందరికీ కొత్తేడు శుభాకాంక్షలు. అన్నయ్యకు టోపీ, నీకు శాలువా, అక్‌సామాయ్‌కి తెర మీద రాసే మంచి కలం ట్రాక్టరువాళ్ళ చేతికి పంపుతున్నాను. ఎడమచేత్తో కూడా సులువుగా రాయొచ్చట.

నీ ఉత్తరం నిన్ననే చేరింది. ఆ విషయం నెల మొదట్లోనే ముగిసింది. ఎలా అని అడగొద్దు. అందరికీ మంచే జరిగింది. టవరు స్థలం చూడటానికి వేసవిలో మనుషులు వస్తారు, నేను దగ్గరుండి పంపిస్తాను. వేసవిలో నేనూ వస్తాను, గుర్రపు పాలు తాగుతూ తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ జడపిల్ల


ఉజున్-బులాక్,
మే 14

శ్రీమతి కనిషాయ్ బెక్తెమీరోవా గారికి,

కనుమ తెరిచారు. మొదటి బస్సులోనే తోలోన్‌కు సంఘం తీర్పు నకలు వచ్చింది.

జిల్లా సభలో తోలోన్ పేరు అందరి ముందూ చదివారట. మంచుగాలిలో పిల్లను గొర్రె కోసం కొండకు తోలిన నిర్లక్ష్యపు తండ్రి అని. వేసవి పచ్చిక కేటాయింపులో అతన్ని చివరికి నెట్టారు. కాపరికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? నువ్వు అన్న హెచ్చరిక అదే కాబోలు.

అతను బడికి వచ్చాడు. కేకలు వేయలేదు. టోపీ తీసి, ఆ నకలుకు జతచేసిన, నా పేరుతో ఉన్న వాంగ్మూలాన్ని నా బల్ల మీద పెట్టి, కింద ఉన్న సంతకం మీద వేలు ఉంచి అడిగాడు: "అక్కా, ఆ రోజు నా మందలో ఏ గొర్రె తప్పిపోయిందో నువ్వే చెప్పు. నాకు గుర్తు రావట్లేదు."

సంతకం నాదే. ముద్ర నాదే, అంచు దగ్గర చిన్న పలుకు ఎగిరిపోయిన మా బడి ముద్ర. పైన ఉన్న మాటలు మాత్రం టైపు చేసినవి. చక్కటి మాటలు, తప్పొక్కటి లేదు. నేను నేర్పిన పిల్ల రాసిందని చూడగానే తెలిసింది.

తోలోన్‌కు అంతా చెప్పాను. తెల్లకాగితాలు మూడు నేను ఎవరికి పంపానో కూడా చెప్పాను. విని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మీ అన్నయ్య పలకరిస్తే తలొంచుకుని పక్కనుంచి పోతున్నాడు. మీ అన్నయ్య నువ్వు పంపిన టోపీని మేకు నుంచి తీసి పెట్టెలో పెట్టేశాడు.

నేను పంపిన నిజానికి కూడా జవాబు వచ్చింది. ఒకే అధికారి నుంచి ఒకే విషయంలో రెండో వాంగ్మూలం స్వీకరించరట. మొదటిది నా రాత కాదని చెప్పగలిగే మనిషి ఈ లోకంలో నువ్వొక్కతివే. చెబుతావా లేదా అన్నది నీ ఇష్టం. నేను మళ్ళీ అడగను. బడి ముద్ర జిల్లాలో అప్పగించేశాను. ప్రధానోపాధ్యాయురాలి కుర్చీ వదిలి, బొగ్గుల కొట్టులో దాచిన పుస్తకాలతో లెక్కలు చెబుతున్నాను. నా లెక్కలు పదో తరగతి దగ్గర ఆగిపోతాయి. అక్‌సామాయ్‌కి అవి ఇప్పటికే చాలడం లేదు.

మూడు కాగితాల్లో ఒకటి సామాను రశీదుకు పోయింది, ఒకటి గొర్రెకు పోయింది. మూడోది ఇంకా నీ దగ్గరే ఉంది. తిప్పి పంపు. నా సంతకం ఖాళీగా ఎక్కడా ఉండకూడదు.

నీతో మాట్లాడాలంటే ఇక ఏమని పిలవాలో తెలియక మూడు రోజులు ఈ ఉత్తరం మొదలుపెట్టలేకపోయాను. జడపిల్ల అని రాయబుద్ధి కాలేదు. అలాగని పేరు రాయబోతే ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు, చెయ్యి కదల్లేదు. పైన ఉన్న నీ పేరు నేను రాసింది కాదు. అక్‌సామాయ్ రాసింది. ఎడమచెయ్యి ఇంకా అలవాటు కాలేదు, అక్షరాలు వంకర పోయాయి. ఏమీ అనుకోవద్దని చెప్పమంది.

బురుల్